కొండదారుల్లో సైకిల్ తొక్కే ఆడవాళ్లకు సరైన సీటు: కొలత నుంచి బిగింపు దాకా

"మెత్తటి సీటు ఏది కొనమంటారు?" ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, పర్లాకిమిడి చుట్టుపక్కల గేర్ సైకిళ్లు తొక్కే ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ముందు చూడాల్సింది వెడల్పు. తర్వాత ఆకారం. ఆ తర్వాత సైకిల్ మీద దాన్ని బిగించిన తీరు. మెత్తదనం వంతు అన్నిటికన్నా చివర. ఈ వరస తిరగబడటం వల్లే డబ్బు పోసి కొన్న సీట్లు రెండు వారాలకే అటకెక్కుతున్నాయి.

"కొత్తలో అందరికీ నొప్పే, తొక్కగా తొక్కగా అదే పోతుంది" అని తోటివాళ్లు అంటారు. పిర్రల కింద ఎముకల దగ్గర వచ్చే సలుపు వరకూ అది నిజం. వారానికి మూడు నాలుగు సార్లు తొక్కితే రెండు వారాల్లో తగ్గుతుంది. ముందు వైపు మెత్తటి చోట వచ్చే తిమ్మిరి, వాపు, కోసుకుపోవడం మాత్రం అలవాటుతో పోవు. వాటిని ఓర్చుకోవద్దు. సీటు సరిపోలేదని ఒళ్లు చెబుతున్నట్టు లెక్క.

హైస్కూల్లో ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ మీద మీరు నిటారుగా కూర్చుని ఉంటారు. బరువంతా వెనక్కి పడేది, స్ప్రింగులున్న వెడల్పు సీటు దానికి సరిపోయేది. ఎమ్‌టీబీ, అంటే కొండదారుల గేర్ సైకిల్ (మౌంటెన్ బైక్) మీద ఒళ్లు ముందుకు వంగుతుంది. నడుముతో పాటు కటి ఎముకలు కూడా ముందుకు తిరుగుతాయి, బరువు సీటు మధ్యకు, ముందుకు జరుగుతుంది. అందుకే "లేడీస్ సీటు" అని షాపులో చూపించే ఆ వెడల్పాటి స్ప్రింగు సీటు ఎక్కుడు దారిలో తొడలను ఒరుస్తుంది, కూర్చున్న మనిషిని ముందుకు తోస్తుంది.

కావలసినవి

- కొరియర్ డబ్బా అట్ట, ముడతల పొర ఉన్నది, సుమారు 30 × 40 సెం.మీ. పల్చటి బిస్కెట్ డబ్బా అట్ట పనికిరాదు.
- గట్టి చెక్క స్టూలు. లేకపోతే గుమ్మం మెట్టు.
- 10 సెం.మీ. ఎత్తు వచ్చేలా రెండు మూడు లావు పుస్తకాలు.
- సుద్ద ముక్క, పెన్సిలు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, దర్జీ టేపు.
- 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు. మన మెకానిక్‌లు ఎల్ కీ అంటారు. పాత రకం సీటైతే 13, 14 నంబరు పానాలు.
- మట్టం చూసే యాప్ ఉన్న ఫోను, లేదా తాపీమేస్త్రీ వాడే స్పిరిట్ లెవెల్.
- ఒక దారం, దాని చివర కట్టడానికి నట్టు.
- కొంచెం గ్రీజు, రంగు టేపు, చిన్న నోటు పుస్తకం.
- సైకిల్ పట్టుకోవడానికి ఇంట్లో ఒక మనిషి. అక్కో చెల్లెలో అయితే కొలతలు తీసుకోవడం కూడా సులువు.

1. నొప్పి ఎక్కడో ముందు గుర్తించండి

కొనడానికి ముందు, ఇప్పుడున్న సీటు మీద ఒక గంట తొక్కి, దిగిన వెంటనే రాసుకోండి. మర్నాటికి అన్ని నొప్పులూ కలిసిపోతాయి.

పిర్రల కింద రెండు బిందువుల్లో సలుపుంటే సీటు బహుశా సరైన వెడల్పే, లేదా మీకింకా అలవాటు కాలేదు. ముందు మెత్తటి చోట నొక్కుడు, తిమ్మిరి ఉంటే సీటు ఇరుకు కావచ్చు, సీటు ముక్కు, అంటే సన్నటి ముందు భాగం, పైకి లేచి ఉండొచ్చు, మధ్యలో గాడి లేకపోవచ్చు, లేదా హ్యాండిల్ దూరమై మీరు ముక్కు మీదికి జారుతుండొచ్చు. తొడల లోపలి వైపు ఒరిపిడి ఉంటే సీటు నడుం భాగం లావు, లేదా సీటు ఎత్తు ఎక్కువ. పిర్రకూ తొడకూ మధ్య మడత దగ్గర కోసుకుంటే మీ బట్ట కుట్టు చూడండి. ఒక్క వైపే నొప్పి వస్తుంటే సీటు వంకరగా బిగించారేమో, కింద కడ్డీ వంగిందేమో చూడండి. ఆ రెండూ కాకపోతే కాళ్ల పొడవులో తేడా ఉండొచ్చు. అది కొత్త సీటుతో తీరదు.

అరచేతులు, మెడ, మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా రాసుకోండి. వాటి సంగతి 6వ మెట్టులో వస్తుంది.

2. కూర్చునే ఎముకల దూరం కొలవండి

శరీరం లావును బట్టి గానీ, నడుం కొలతను బట్టి గానీ ఈ దూరాన్ని ఊహించలేం. సన్నటి అమ్మాయికి వెడల్పు సీటు, లావుపాటి ఆవిడకు ఇరుకు సీటు సరిపోవడం మామూలే. కొలిస్తేనే తెలుస్తుంది.

స్టూలు మీద అట్ట వేయండి. పల్చటి లెగ్గింగు లాంటిది వేసుకోండి. జీన్స్ వద్దు, కుట్లు అచ్చులో పడతాయి. పాదాలు పుస్తకాల మీద పెడితే మోకాళ్లు తుంటి కన్నా కొంచెం పైకి వస్తాయి. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర్నుంచి ముందుకు వంగి, మోచేతులు మోకాళ్లకు ఆనించండి. తర్వాత స్టూలు అంచులు రెండు చేతులతో పట్టుకుని ఒంటిని కిందికి లాగినట్టు 30 సెకన్లు అదమండి. లేచేటప్పుడు జరక్కుండా తిన్నగా పైకి లేవండి. జరిగితే అచ్చు సాగిపోతుంది.

అట్ట మీద సుద్దను పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. ఎత్తుగా ఉన్న చోట తెల్లబడుతుంది, రెండు గుంటలు విడిగా కనిపిస్తాయి. ఒక్కో గుంటలో అన్నిటికన్నా లోతైన చోట పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకు కొలవండి. గుంట అంచు నుంచి అంచుకు కొలవడం చాలామంది చేసే పొరపాటు. దాంతో 20, 30 మి.మీ. తేడా వచ్చి ఒక సైజు తప్పిపోతుంది.

అట్టను తిప్పి, కొత్త చోట ఇంకో రెండుసార్లు కొలవండి. మూడు కొలతలూ 5 మి.మీ. లోపు తేడాతో వస్తే సగటు తీసుకోండి. అంతకన్నా తేడా వస్తే అట్ట మెత్తబడిందన్న మాట, కొత్తది తెచ్చుకోండి. వానాకాలం కోరాపుట్ తేమలో అట్ట త్వరగా నానుతుంది. ఎండలో ఆరబెట్టిన అట్ట వాడండి.

చాలామంది ఆడవాళ్లకు ఈ దూరం 100 నుంచి 150 మి.మీ. మధ్యలో ఉంటుంది. కాన్పు తర్వాత గానీ, బరువు బాగా మారిన తర్వాత గానీ కూర్చునే తీరు మారుతుంది, కాబట్టి పాత కొలతను నమ్ముకోకుండా మళ్లీ తీయండి.

3. సీటు వెడల్పు లెక్క

ఎమ్‌టీబీ మీద మధ్యరకంగా వంగి తొక్కేవాళ్లు ఎముకల దూరానికి 20 మి.మీ. కలపండి. హ్యాండిల్ సీటు కన్నా ఎత్తుగా ఉండి, దాదాపు నిటారుగా కూర్చునేవాళ్లు 30 కలపండి. బాగా కిందికి వంగి వేగంగా తొక్కేవాళ్లకు 10 చాలు.

ఉదాహరణకు దూరం 122 వచ్చింది, మధ్యరకం వంపు. 122 + 20 = 142. బజారులో దొరికే 143 సరిపోతుంది. దూరం 131 అయితే 151 కావాలి; 143కీ 155కీ మధ్య పడింది, అలాంటప్పుడు 155 తీసుకోండి. ఎముకలు సీటు అంచు దాటితే బరువంతా మెత్తటి భాగం మీద పడుతుంది, కొంచెం వెడల్పు ఎక్కువైతే మహా అయితే తొడ తగులుతుంది. మొదటి తప్పుకే నొప్పి ఎక్కువ.

చాలా కంపెనీలు 130, 143, 155, 168 మి.మీ. లేదా వాటికి దగ్గరి సైజుల్లో చేస్తాయి. ఆ అంకె ఎక్కువగా సీటు అడుగున అచ్చేసి ఉంటుంది. వెనక నుంచి చూస్తే సీటు పైభాగం గుర్రపు వీపులా వంపు తిరిగి ఉంటే, రాసిన వెడల్పులో ఎముకలు ఆనే చోటు తక్కువ. అలాంటి దానికి ఒక సైజు పెద్దది చూడండి.

షాపులో మాట్లాడటానికి మొహమాటంగా ఉంటే మీ ఒంటి గురించి ఏమీ చెప్పక్కర్లేదు. "143 వెడల్పు, మధ్యలో గాడి ఉన్నది, 7 మి.మీ. గుండ్రటి కడ్డీలున్నది చూపించండి" అనండి. మెకానిక్‌కు కావాల్సింది అంతే. రాయగడ, గుణుపురం షాపుల్లో ఇన్ని సైజులు దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేకపోతే రైలెక్కి విశాఖ వెళ్లినప్పుడు పెద్ద సైకిల్ షాపుల్లో చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బిగించిన సీటును వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చదవండి. కడ్డీల మీద, వాటిని పట్టి ఉంచే క్లాంపు గీతలు పడ్డాక చాలామంది తీసుకోరు.

4. ఆకారం చూడండి

మధ్య గాడి. రెండు రకాలు: పైన లోతుగా గాడి తీసినది, పూర్తిగా రంధ్రం ఉన్నది. ముందు వైపు తిమ్మిరి వచ్చేవాళ్లకు ఏదో ఒకటి తప్పనిసరి. రంధ్రం ఉన్న సీటు చాలామందికి హాయినిస్తుంది. అయితే కొందరికి మెత్తటి చర్మం ఆ రంధ్రంలోకి దిగి అంచులకు నొక్కుకుని, తిమ్మిరి పోయి వాపు మొదలవుతుంది. అలా జరిగితే లోతు తక్కువ గాడి, లేదా రంధ్రాన్ని మెత్తటి ఫోముతో నింపిన రకం చూడండి. స్పెషలైజ్డ్ కంపెనీ "మిమిక్" పేరుతో చేసేవి ఈ చివరి రకమే. వేలితో రంధ్రం అంచు తడిమి చూడండి, గట్టిగా కత్తిరించినట్టుంటే వదిలేయండి.

పొడవు, ముక్కు. మామూలు సీట్లు 270, 280 మి.మీ. పొడవుంటాయి, పొట్టి ముక్కువి 240, 250. ముందుకు వంగినప్పుడు మెత్తటి భాగానికి నొక్కుడు తగలకుండా పొట్టి ముక్కు సాయం చేస్తుంది. కానీ కొండదారికి ముక్కు అసలే లేని సీటు వద్దు. నిలువు ఎక్కుడులో ముందు చక్రం లేవకుండా ముక్కు దగ్గరకు జరిగి కూర్చోవాలి, మలుపుల్లో తొడలతో ముక్కును అదిమి సైకిల్‌ను అదుపు చేయాలి. ముక్కు కొస గుండ్రంగా, మెత్తగా ఉండాలి.

వెనక అంచు. దిగుడులో ఒంటిని సీటు వెనక్కి జరుపుతాం, మళ్లీ ముందుకు వస్తాం. ఆ రాకపోకల్లో వెనక అంచు నున్నగా, కిందికి ఒంగి ఉండాలి. పదునుగా, పైకి లేచి ఉంటే కుర్తా గానీ వదులు ప్యాంటు గానీ అంచుకు తగులుకుంటుంది. రాళ్ల దిగుడులో అది నేరుగా పడేస్తుంది. వెనక మూలలకు గట్టి గుడ్డ వేసిన సీటైతే సైకిల్ పడినా త్వరగా చిరగదు.

"విమెన్స్" అని రాసి ఉండాలా? అక్కర్లేదు. వెడల్పు, గాడి మీకు కుదిరితే మగవాళ్ల విభాగంలో పెట్టిన సీటైనా ఒకటే. స్పెషలైజ్డ్ పవర్ లాంటి సీట్లు 143, 155, 168 వెడల్పుల్లో ఇద్దరికీ కలిపే అమ్ముతున్నారు. గులాబీ రంగు చూసి కొనకండి.

5. మెత్తదనం, పైతొడుగు

బొటనవేలితో ఎముకలు ఆనే చోట నొక్కండి. 5 నుంచి 8 మి.మీ. దిగి గట్టిగా ఆగాలి, వేలు తీయగానే లేవాలి. వేలికి లోపలి ప్లాస్టిక్కు తగిలితే అది చవక ఫోము, మూడు నెలల్లో అణిగిపోతుంది. వేలు మెత్తగా దిగిపోతూనే ఉంటే అదీ వద్దు. ఎముకలు జెల్‌లోకి దిగినప్పుడు పక్కకు నెట్టుకున్న జెల్ మధ్యలో పైకి ఉబుకుతుంది, సరిగ్గా నొప్పి ఉన్నచోటే నొక్కుతుంది. షాపులో రెండు నిమిషాలు కూర్చున్నప్పుడు స్వర్గంలా అనిపించే సీటు గంటన్నర తర్వాత ఏడిపించడానికి కారణం ఇదే. తాడుతో కట్టుకునే జెల్ కవర్లు దీనికి తోడు అటూ ఇటూ జరుగుతాయి. ఎమ్‌టీబీ మీద అసలు వాడకండి.

పైతొడుగు మరీ నున్నగా ఉంటే జారతారు, మరీ గరుకుగా ఉంటే బట్టలు అరిగి చర్మం ఒరుసుకుపోతుంది. కూర్చునే చోట పొడుచుకొచ్చిన కుట్లు ఉండకూడదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కుట్లలోంచే నీళ్లు లోపలి ఫోములోకి దిగుతాయి. తోలు సీటు తారు రోడ్డు మీద దూరప్రయాణాలకు చాలా మంచిది, కానీ తడిస్తే సాగిపోతుంది. గెడ్డలు దాటే దారిలో అది వద్దు.

కడ్డీలు మామూలు స్టీలువైనా, క్రోమోలీ అనే గట్టి రకం స్టీలువైనా చాలు. కార్బన్ కడ్డీలు బరువు తగ్గిస్తాయే గానీ కూర్చోవడంలో సుఖం దానికి పెట్టే ధరంత పెరగదు. పైగా అవి చాలావరకు 7 × 9 మి.మీ. కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, మామూలు 7 మి.మీ. క్లాంపుకు పట్టవు.

మీది పాత రకం సైకిలైతే సీటును నిలబెట్టే పిల్లర్ తిన్నటి పైపు, దాని మీద పళ్ల క్లాంపు విడిగా ఉంటుంది. ఆ పళ్లు ఒక్కో మెట్టుకు చాలా వంపు మార్చేస్తాయి, కావలసిన ఒకటి రెండు డిగ్రీలు కుదరవు. అప్పుడు సీటుతో పాటు తలలోనే క్లాంపున్న పిల్లర్ కూడా మార్చండి. పాత పిల్లర్ అడుగున దాని వ్యాసం అచ్చేసి ఉంటుంది: 27.2, 30.9, 31.6 వంటివి. అదే అంకె కొత్తదాని మీదా ఉండాలి. 0.4 మి.మీ. తేడా ఉన్నా వదులై జారుతుంది, లేదా పట్టదు.

6. బిగించడం

కొత్త సీటును నిందించే ముందు ఈ మెట్టు పూర్తిగా చేయండి. మంచి సీటు చెడ్డగా బిగిస్తే చెడ్డ సీటే.

పాతది విప్పకముందే కొలతలు తీయండి. పెడల్ చేతులు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం వరకు, సీటు పైపు వెంబడి ఎంతో రాసుకోండి. తర్వాత సీటు 80 మి.మీ. వెడల్పు ఉన్న చోటు ఎక్కడుందో టేపుతో గుర్తు పెట్టి, అక్కణ్నుంచి హ్యాండిల్ మధ్యకు దూరం రాసుకోండి. ముక్కు కొస నుంచి కొలిస్తే పొట్టి సీటు వేసినప్పుడు లెక్క తప్పుతుంది. కొత్త సీటు మందం కూడా వేరుగా ఉంటుంది, పిల్లర్‌ను కదపకపోయినా ఎత్తు 10 మి.మీ. మారిపోవచ్చు.

వంపు. సైకిల్ నిలబెట్టిన నేల మట్టంగా ఉందో లేదో ముందు ఫోనుతో చూడండి. సీటు మీద అట్ట పుస్తకం పెట్టి దాని మీద ఫోను పెట్టండి. 0 డిగ్రీలతో మొదలుపెట్టండి. వెనక భాగం పైకి తిరిగిన సీటైతే పుస్తకాన్ని మధ్య, ముక్కు భాగాల మీదే ఆనించండి. ముందు వైపు నొక్కుడు తగులుతుంటే ముక్కు 1 డిగ్రీ దించండి, చాలకపోతే 2. 3 దాటితే మీరు ముందుకు జారుతూ చేతులతో ఆపుకుంటారు, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ముక్కు పైకి మాత్రం పెట్టవద్దు.

ఎత్తు. గోడకు ఆనుకుని చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పైకి గట్టిగా ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచుకు కొలవండి. దాన్ని 0.88తో గుణించండి. 72 సెం.మీ. వస్తే 63.4. బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైకి అంత ఎత్తు. మట్టి దారికి అందులో 1 సెం.మీ. తగ్గించండి. సరిచూసుకోవడం సులువు: గోడ పట్టుకుని కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు దాదాపు తిన్నగా రావాలి, పాదం ముందు భాగం పెట్టినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. వెనక నుంచి చెల్లెల్ని చూడమనండి. తొక్కుతుంటే తుంటి అటూ ఇటూ ఊగితే సీటు ఎక్కువ ఎత్తు, ఆ ఊగుడే ముందు వైపు కోతకు కారణం. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే సీటు కిందికి ఉంది.

పిల్లర్ మీద కనీసం ఇంత లోపల ఉండాలని గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించకూడదు. కనిపిస్తే ఫ్రేము పగలొచ్చు.

ముందు వెనక. పెడల్ రెండు చేతులూ నేలకు సమాంతరంగా ఉంచి, ముందున్న మోకాలి చిప్ప కింద నుంచి నట్టు కట్టిన దారం వదలండి. అది పెడల్ ఇరుసు మీదికి రావాలి. ఇది మొదలుపెట్టడానికి ఒక చోటు మాత్రమే, 5, 10 మి.మీ. అటూ ఇటూ మీ సుఖాన్ని బట్టి జరపొచ్చు. కడ్డీల మీదున్న గీతల లోపలే క్లాంపు పట్టాలి.

హ్యాండిల్ అందక సీటును ముందుకు లాక్కోవడం చాలామంది చేస్తారు. అన్నయ్య సైకిలో, మగవాళ్ల సైజు ఫ్రేమో తొక్కే పొట్టి అమ్మాయిలకు ఇది మరీ ఎక్కువ. సీటు అక్కడే ఉంచి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) మార్చండి: 90 మి.మీ. ఉంటే 60 వేయించండి. హ్యాండిల్ దగ్గరైతే కటి అంతగా ముందుకు తిరగదు, చాలామందికి తిమ్మిరి ఇక్కడే తగ్గుతుంది.

బోల్టు మరలకు కొంచెం గ్రీజు రాసి బిగించండి. క్లాంపు మీద ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. రెండు బోల్టులుంటే ముందు కొంత, వెనక కొంత మార్చి మార్చి తిప్పాలి. బిగించాక ముక్కును పిడికిలితో కిందికి గట్టిగా కొట్టి, వెనక అంచు పట్టుకుని పైకి లాగి చూడండి. వంపు కదిలితే ఇంకా బిగించాలి. కార్బన్ పిల్లరైతే గ్రీజు పూయకుండా టార్క్ రెంచి (ఎంత బిగించామో కొలిచే పానా) ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్లండి.

7. బట్టలు, గాలి

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఏమీ వేసుకోకూడదు. లోదుస్తుల అంచు కుట్టు ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య నలిగి కోస్తుంది. ఆడవాళ్ల ప్యాడ్ వెనక వైపు వెడల్పుగా, మధ్యలో కుట్టు లేకుండా ఉండాలి. బయట షార్ట్స్‌తో తిరగడం ఇబ్బందిగా ఉంటే పైన ట్రాక్ ప్యాంటు వేసుకోండి, కాలి అంచు క్లిప్పుతో బిగించండి. ప్యాడ్ మరీ మందంగా వద్దు, మెత్తటి సీటు చేసే పనే అదీ చేస్తుంది. తొక్కడం అవగానే విప్పి కడుక్కుని పొడి బట్టలు వేసుకోండి. తడి ప్యాడ్‌లో సంతలో కూర్చుని టీ తాగుతూ గంట గడిపితే కురుపులు ఖాయం. దూరం వెళ్లేటప్పుడు ఒరుసుకునే చోట సైక్లింగ్ క్రీమ్ రాసుకోండి. వెంట్రుకలు ముందు రోజు షేవ్ చేయవద్దు, చిన్న కురుపులు లేస్తాయి. నెలసరి రోజుల్లో రెక్కలున్న నాప్‌కిన్ అంచులు ఒరుస్తాయి. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్లకు అది మేలు; లేకపోతే పల్చటిది పెట్టుకుని దూరం తగ్గించండి.

టైర్ల గాలి గురించి ఎవరూ అడగరు, కానీ సీటు మీద పడే దెబ్బల్లో దాని వాటా పెద్దది. షాపులో కంప్రెసరుతో 50, 60 పీఎస్ఐ కొట్టేస్తారు. 2.2 అంగుళాల టైరు, ట్యూబుతో, 50 నుంచి 65 కిలోల మనిషికి గ్రావెల్ దారిలో 28 నుంచి 32 చాలు, వెనక టైరుకు 2 ఎక్కువ. 25 కన్నా దిగితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది.

8. పరీక్షించడం

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఎత్తు, వంపు, దూరం మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పూ తేదీతో రాసుకోండి.

మొదటి రోజు 40 నిమిషాలు, తారు మీదే. రెండో రోజు గంటన్నర: కొంత తారు, కొంత ఎర్రమట్టి గ్రావెల్, ఒక డొంక ఎక్కుడు. ఎల్ కీ జేబులో పెట్టుకుని వెళ్లండి, దారిలోనే 1 డిగ్రీ సరిచేసుకోవచ్చు. మూడోసారి మూడు గంటలు. ఈ మూడూ దాటకుండా కొత్త సీటుతో దేవమాలి గానీ మహేంద్రగిరి గానీ బయల్దేరకండి. ఒకటి 1,672 మీటర్లు, రెండోది 1,501. అంత ఎక్కుడులో ఎక్కువసేపు కూర్చునే తొక్కుతారు, బరువు కాళ్ల మీదకు మారే అవకాశం తక్కువ.

కూర్చుని ఎక్కేటప్పుడు ప్రతి పది నిమిషాలకూ లేచి 10, 15 సార్లు నిలబడి తొక్కండి. దిగుడులో సీటును 5 సెం.మీ. దించి, రెండు పెడళ్లూ సమంగా ఉంచి నిలబడండి. రాళ్ల దిగుడు కూర్చుని దిగితే ఏ సీటూ కాపాడదు.

సీటు కుదిరిందని తెలిసేది ఇలా: గంట తర్వాత బరువు రెండు ఎముకల మీద సమంగా తెలుస్తుంది. ముందు వైపు తిమ్మిరి లేదు. పదే పదే వెనక్కి జరగాల్సిన పని లేదు. అరచేతులు నొప్పెట్టవు. దిగాక స్నానం చేసేటప్పుడు ఎక్కడా మంట పుట్టదు. చిన్న ఒరిపిడైనా నీళ్లు తగలగానే బయటపడుతుంది.

ముక్కు దించినా, స్టెమ్ మార్చినా మూడో పరీక్షలో తిమ్మిరి వస్తే ఆ సీటు మీది కాదు. ఒక సైజు వెడల్పు, లేదా వేరే రకం గాడి ఉన్నది చూడండి. దాన్ని మీతో తొక్కేవాళ్లకు ఇచ్చి చూడమనండి, వాళ్ల కొలతకు సరిపోవచ్చు. నలుగురు కలిసి నాలుగు సీట్లు మార్చుకుని చూసుకుంటే మన ఊళ్లలో షాపుల కొరత కొంత తీరుతుంది.

తిమ్మిరి మర్నాటికీ పోకపోయినా, ఒక వైపు వాపు రెండు రోజుల్లో తగ్గకపోయినా, కురుపుకు జ్వరం తోడైనా, మూత్రంలో మంట వచ్చినా సైకిల్ ఆపి డాక్టరమ్మకు చూపించండి. కాన్పు అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే ఎక్కాలి.

ఎప్పుడు మార్చాలి

ఆరు నెలలకోసారి సీటు తీసి చూడండి. ఎముకలు ఆనే చోట గుంటలు పడి, బొటనవేలికి ప్లాస్టిక్కు తగులుతుంటే ఫోము అయిపోయింది. కడ్డీలు వంగినా, అడుగు ప్లాస్టిక్కు చీలినా ఆ రోజే మార్చండి. కిర్రుకిర్రుమంటే ముందు కడ్డీలు తుడిచి, క్లాంపు విప్పి మట్టి తీసి, మళ్లీ బిగించండి. చాలాసార్లు ఆ చప్పుడు ఎర్రమట్టిదే. ఎండలో వదిలేస్తే పైతొడుగు పగుళ్లిస్తుంది, వానలో వదిలేస్తే ఫోము వాసనొస్తుంది, నీడన పెట్టలేకపోతే కనీసం ఒక ప్లాస్టిక్ సంచీ తొడగండి. కొత్తది కొనేటప్పుడు నోటు పుస్తకంలోని వెడల్పు, ఎత్తు, వంపు అంకెలు షాపుకు తీసుకెళ్లండి.